కడారం దాకా రాని మన నవల

పోయిన ఉగాది మరునాడు తెలుక్ ఇంతాన్‌లో ఒక మిత్రుని ఇంట మేము ఏడుగురం కూడుకున్నాం. నియమం ఒక్కటే. ఎవరికి మిక్కిలి నచ్చిన చారిత్రక నవలను వారు తెచ్చి, అది ఎందుకు నచ్చిందో చెప్పాలి. నలుగురు పుస్తకాలు తెచ్చారు. ఇద్దరు హ్యాండ్‌ఫోన్లు తెచ్చారు. హుతాన్ మెలింతాంగ్ నుంచి వచ్చిన అత్తగారు ఒట్టి చేతులతో వచ్చారు; ఆమె నవల ఆమె నోటిలోనే ఉంది. ఆ పూట జరిగిన మాటలు కొన్ని చదువరుల ముందు ఉంచాలని తోచింది. నవలల దగ్గర మొదలైన మాటలు కాసేపటికి ఫోనుకూ కాగితానికీ మధ్య తగువుగా మారాయి. ఆ రెండూ ఒకటే సంగతి అని ఇళ్లకు తిరిగి వెళ్లాక గాని మాకు తెలియలేదు.

ముందుగా ఒక లెక్క. ఏడింటిలో తెలుగు నవలలు నాలుగు: నోరి నరసింహశాస్త్రి గారి 'నారాయణభట్టు', అడివి బాపిరాజు గారి 'గోన గన్నారెడ్డి', 'హిమబిందు', విశ్వనాథ సత్యనారాయణ గారి 'ఏకవీర'. తక్కిన మూడూ అరవ నవలలు: కల్కి 'పొన్నియిన్ సెల్వన్', అఖిలన్ 'వేంగయిన్ మైందన్', చాండిల్యన్ 'కడల్ పురా'. తెలుగు కూటంలో అరవ నవలలేమిటని ఎవరైనా అడగవచ్చు. తోటలో మాకు దొరికింది అరవ బడి. ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో అరవం చదివి, ఆఫీసులో మలాయి రాసిన వాళ్లం. మాలో తెలుగు అక్షరం తడుముకోకుండా చదవగలవారు ఇప్పటికీ ముగ్గురే. ఇందులో దాచవలసింది ఏమీ లేదు.

మొదటి తగువు కుందవ దగ్గర వచ్చింది. బాగన్ దాతో నుంచి వచ్చిన తమ్ముడు 'పొన్నియిన్ సెల్వన్' ఫోనులో తెరిచి, "ఇది సగం మన నవలే. ఇందులో కుందవ మన రాజరాజ నరేంద్రుని తల్లి కదా!" అన్నాడు. రిటైరైన మాస్టారు 'నారాయణభట్టు' మూసి కళ్లద్దాలు తీశారు. "ఏ కుందవ తమ్ముడూ? నీ నవలలో ఉన్నది రాజరాజ చోళుని అక్క. మన నరేంద్రుని తల్లి రాజరాజుని కూతురు. అక్క మీద ప్రేమతో కూతురికి ఆ పేరే పెట్టుకున్నాడు. ఆ రెండో కుందవనే వేంగి విమలాదిత్యునికి ఇచ్చారు." తమ్ముడు వెంటనే ఒప్పుకోలేదు. వారసుల పట్టిక చూసి, పది నిమిషాల తరువాత, "అయితే నేను ఇరవై ఏళ్లుగా తప్పు అమ్మను తలుచుకుంటున్నాను" అన్నాడు. అందరం నవ్వుకున్నాం.

ఇలాంటిదే ఇంకొక పొరపాటు. 'వేంగయిన్ మైందన్' తెచ్చిన మిత్రుడు ఆ పేరుకు 'వేంగి కుమారుడు' అని అర్థం అనుకుని చిన్నప్పుడు ఆ పుస్తకం పట్టుకున్నాడట. వేంగై అంటే పులి. చోళుల జెండా మీది పులి. ఆ పులిబిడ్డ రాజేంద్ర చోళుడు. 1963లో సాహిత్య అకాడెమీ బహుమానం పొందిన నవల అది. పొరపాటున పట్టుకున్నా చివరిదాకా వదలలేదని చెప్పి, అధ్యాయం చూపిద్దామని ఫోను తీశాడు. పుస్తకం లేదు. డబ్బు పెట్టి కొన్నది. అమ్మిన ఈ-పుస్తకాల అంగడి మూతబడింది, దానితో పాటు అతని అరా మొత్తం పోయింది. అతడు వేలితో ఫోనును అటూ ఇటూ తోస్తూ ఉంటే మాస్టారు ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువగా తగిలింది.

ఇక నవలల సంగతి.

'నారాయణభట్టు' మా మాస్టారి నవల. నోరి వారు కవిత్రయం కాలాలను ఒక్కొక్క నవలగా కట్టారు. నన్నయ కాలానికి 'నారాయణభట్టు', తిక్కన కాలానికి 'రుద్రమదేవి', ఎఱ్ఱన కాలానికి 'మల్లారెడ్డి'. రాజమహేంద్రవరంలో భారతం తెలుగు కావడం ఒక పండితుడు ఇంట్లో కూర్చుని చేసిన పని కాదనీ, చోళులకూ పశ్చిమ చాళుక్యులకూ మధ్య నలిగిన రాజ్యంలో తెగించి తలకెత్తుకున్న పని అనీ ఈ నవల చదివితే తెలుస్తుంది. అది దాని గొప్ప. నారాయణభట్టు కల్పిత పాత్ర కాడు. నందంపూడి శాసనంలో అతనికి అగ్రహారం దక్కింది. ఆ శాసనం రచించినవాడు నన్నయే. ఒక కవి తన స్నేహితునికి రాజు ఇచ్చిన దానాన్ని తానే శాసనంగా రాయడం మాకు ఏ కల్పన కన్నా ముద్దుగా తోస్తుంది. అయితే ఈ నవలలో మాట ఎక్కువ, నడక తక్కువ. ఎవరు ఎవరికి చుట్టమో గుర్తుంచుకోవాలి. కూలివాడు, పడవవాడు, వంటమనిషి పక్కనుండి పోతారు, నిలబడరు. కొలువు కూటం దాటి గాలి పీల్చుకుందామంటే అవకాశం తక్కువ. మాస్టారు దీనికి జవాబు చెప్పలేదు, "రెండోసారి చదవండి" అన్నారు.

'ఏకవీర' గురించి వాదం రాలేదు. మధురను మనకంటె అరవవారే మెచ్చుకోవాలని ఒకరు, ప్రేమ విషయంలో ఆ నవల చదివినవాడు పెళ్లికి భయపడతాడని ఒకరు అన్నారు. అంతటితో సరి.

'గోన గన్నారెడ్డి' అలా కాదు. పెళ్లి పీటల మీది నుంచి పెండ్లికూతుర్ని ఎత్తుకుపోయే కథలు ఎన్నో ఉన్నాయి. పెండ్లికొడుకునే ఎత్తుకుపోయే గజదొంగను తెలుగు చదువరికి ఇచ్చినవారు బాపిరాజు గారు. ఆ దొంగతనం వెనుక రుద్రమదేవి రాజ్యం నిలవాలనే పట్టుదల ఉంది. 2015లో వచ్చిన సినిమాలో గన్నారెడ్డిని చూసి చప్పట్లు కొట్టిన మా పిల్లలకు, ఆ పేరుతో ఒక పుస్తకం మా ఇళ్లలోనే ఉందని తెలియదు.

సుంగై పెటానీ నుంచి వచ్చిన అక్కగారు 'కడల్ పురా' మూడు సంపుటాలూ సంచిలో మోసుకొచ్చారు. కడల్ పురా అంటే సముద్రపు పావురం. అది ఒక నౌక పేరు. ఆమె చెప్పింది సూటిగా ఉంది. "మీ నవలలు అన్నీ గోదావరి గట్టు మీద ఆగిపోతాయి. లేదంటే మధుర దాకా వస్తాయి. నా నవల మా కెడాకు వస్తుంది. పొద్దున లేచి తలుపు తీస్తే నాకు గునుంగ్ జెరాయి కనబడుతుంది. కడారం అంటే ఇదే కదా!"

అవును, ఇదే. 1025లో రాజేంద్ర చోళుని నౌకాబలం శ్రీవిజయం మీద పడి కడారాన్ని గెలుచుకుంది. బుజాంగ్ లోయలో పాత గుళ్ల పునాదులు ఇంకా ఉన్నాయి. మెర్బోక్‌లో వాటికి మ్యూజియం ఉంది. వాటిలో 11వ నంబరు గుడి దిబ్బను ఇళ్ల స్థలాల కోసం పడగొట్టారని 2013లో బయటపడినప్పుడు ఈ దేశంలో అన్ని జాతులవారూ బాధపడ్డారు. అక్కగారు ఆ ఏడాదే 'కడల్ పురా' రెండోసారి చదివారట.

ఇక్కడ మాకు నిజంగా కలతపెట్టిన సంగతి ఒకటి ఉంది. 'కడల్ పురా'లో కథానాయకుడు కరుణాకర తొండైమాన్ అయినా, అతని స్నేహితుడైన రాకుమారుడు అనపాయుడు ఎవరు? తరువాత కులోత్తుంగ చోళుడైనవాడు. అంటే రాజరాజ నరేంద్రుని కొడుకు, నన్నయ చేత భారతం రాయించిన రాజు బిడ్డ! తల్లి అమ్మంగదేవి రాజేంద్ర చోళుని కూతురు గనుక తాత పేరే పెట్టారు. 1061లో తండ్రి పోయాక వేంగి సింహాసనం పినతండ్రి చేతికి పోయింది. 1070లో అతడు చోళ సింహాసనం ఎక్కాడు. నడుమ తొమ్మిదేళ్లు అతడు ఎక్కడెక్కడ తిరిగాడన్న దాని మీద చరిత్రకారులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. చాండిల్యన్ ఆ ఖాళీలోనే తన నౌకను తోలాడు. నవలాకారునికి చరిత్ర ఇచ్చే చోటు అటువంటిదే. తెలుగువాడికి వారసత్వంగా వచ్చిన చోటు అది. మా పెట్టెలలో ఉన్న తెలుగు నవల ఒక్కటీ ఆ వైపు కన్నెత్తి చూడలేదు.

అంతే కాదు. 1090లో కడార రాజు దూతలు వచ్చి కోరగా, నాగపట్నం బౌద్ధ విహారానికి చెందిన ఊళ్లకు పన్నులు తీసివేస్తూ ఈ కులోత్తుంగుడే రాగిరేకుల మీద శాసనం ఇచ్చాడు. లైడెన్ చిన్న శాసనం అని చరిత్ర పుస్తకాలలో దాని పేరు. తాత కత్తితో గెలిచిన ఊరి దూతలు మనుమని ముందు అతిథులుగా నిలబడిన రోజు అది. చదువరులారా, ఇందులో ఒక నవల లేదా? వేంగిలో పుట్టినవాడు, కెడా నుంచి వచ్చిన దూత, మధ్యలో దుబాసి. ఆ దుబాసి ఏ భాషలో కలగన్నాడో ఎవరూ రాయలేదు.

'కడల్ పురా'ను మేము పొగిడి వదలలేదు. ఆడవారి వర్ణన మొదలైతే కథ లంగరు వేసి కూర్చుంటుంది. కడార రాకుమారి కాంచన ఒక్కతె వచ్చినంత మాత్రాన కడారం వచ్చినట్టు కాదు. అత్తగారు అడిగిన ప్రశ్నే సరి అయినది: "అంత పెద్ద పుస్తకంలో ఈ ఊరి మనిషి ఒక్కడైనా తన ఇంట్లో తన వాళ్లతో కూర్చుని అన్నం తింటాడా?" అక్కగారు ఆలోచించి, "సరిగా గుర్తులేదు. ఓడలు మాత్రం బాగా గుర్తున్నాయి" అన్నారు. ఈ నేలను గెలవవలసిన చోటుగా చూసిన నవల అది. మా తాతలు విశాఖపట్నం, శ్రీకాకుళం ప్రాంతాల నుంచి కంగాణి వెంట వచ్చి పినాంగులో దిగినప్పుడు వాళ్లు గెలవడానికి రాలేదు. ఆ ప్రయాణం మీద కూడా మా పెట్టెలలో తెలుగు నవల లేదు. అరవంలో అఖిలన్ ఈ దేశం చూసి వెళ్లి రబ్బరు తోటల మీద 'పాల్ మరక్కాట్టినిలే' రాశారు. చూసి వెళ్లినవారు రాశారు. ఇక్కడే ఉన్న మనం రాయలేదు.

ఇప్పుడు ఫోను, కాగితం.

బాగన్ దాతో తమ్ముని వాదం ఇది. ఈ దేశపు ఉక్కకు పుస్తకం నిలవదు. బూజు పడుతుంది, చెదలు తింటాయి. తోట అమ్ముడుపోయి లైను ఇళ్లు ఖాళీ చేసి ఫ్లాటుకు మారిన రోజున మొదట బరువనిపించేవి పుస్తకాలే. మైకులో "సూరత్ ఖబర్ లామా" అని అరుస్తూ వచ్చే పాత పేపర్ల లారీకి మా వాళ్లు తెలుగు పుస్తకాలను కిలోల లెక్కన వేశారు. ఆ లెక్కన పోయినవి ఎన్నో! 'పొన్నియిన్ సెల్వన్' ఐదు భాగాలూ అతని జేబులో ఉన్నాయి, అక్షరం పెద్దది చేసుకోవచ్చు, పేరు వెతికితే దొరుకుతుంది, కళ్లు అలసిపోతే ఫోను చదివి వినిపిస్తుంది.

మాస్టారు, "అదే పని 'గోన గన్నారెడ్డి'తో చెయ్యి, చూద్దాం" అన్నారు. తమ్ముడు వెతికితే దొరికింది. కాని దొరికింది పుస్తకం కాదు, పుస్తకం పేజీల ఫోటోలు. పెద్దది చేస్తే పంక్తి కొస తెర బయటికి పోయింది. 'రుద్రమ' అని వెతికితే ఒక్కటీ రాలేదు. చదివి వినిపించమంటే ఫోను మూగపోయింది. పాత తెలుగు పుస్తకాలలో చాలావాటికి ఈ-పుస్తకం పేరుతో దొరుకుతున్నది ఇదే. అరవవారు 1998లోనే మదురై ప్రాజెక్టు అని మొదలుపెట్టి, దేశదేశాలలో ఉన్న తమవాళ్ల చేత పాత పుస్తకాలను అక్షరాలుగా టైపు చేయించారు. కల్కి రచనలను తమిళనాడు ప్రభుత్వం జాతీయం చేసింది గనుక అడ్డు కూడా లేదు. తెలుగు వికీసోర్సులో ఔత్సాహికులు అటువంటి పనే చేస్తున్నారు. బాపిరాజు గారు 1952లో పోయారు. భారత చట్టం ప్రకారం రచయిత పోయిన తరువాత 60 ఏళ్లు హక్కు ఉంటుంది గనుక 2013 నుంచి ఆయన పుస్తకాలు అందరివీ. నోరి వారు 1978లో పోయారు. 'నారాయణభట్టు' కోసం 2038 చివరిదాకా ఆగాలి. అప్పటికి మాలో ఆ పుస్తకం చదవగల ముగ్గురిలో ఎందరు మిగులుతారో లెక్క వేయడం మాకు ఇష్టం లేదు.

మా అభిప్రాయం చెబుతాం. ఫోనా, కాగితమా అనే ప్రశ్నను అన్ని నవలలకూ ఒక్కటిగా వేయడం తప్పు. కల్కి వారం వారం పత్రికకు రాశాడు. అధ్యాయం చిన్నది, చివర ఒక కొక్కెం ఉంటుంది. క్లినిక్‌లో నంబరు కోసం కూర్చున్న మనిషికి అది సరిగ్గా సరిపోతుంది. 'నారాయణభట్టు' అటువంటిది కాదు. ముప్పై పేజీల కిందట వచ్చిన మనిషి మళ్లీ వస్తాడు, వేలు అక్కడ పెట్టి వెనక్కి తిప్పి చూడాలి. ఫోనులో వెనక్కి పోతే మళ్లీ ముందుకు రాలేం. ఆ నవలకు కాగితమే మంచిది, అచ్చు వేయించి మరీ చదవవలసిన నవల. 'హిమబిందు' ఈ రెండింటికీ చెందదు. అది చెవితో చదవవలసింది. అత్తగారు శాతవాహనుల కాలపు నగలూ బట్టలూ వర్ణించిన తావులు వరుసగా చెబుతూ ఉంటే, చదివినప్పుడు మేము దాటేసిన చోట్లన్నీ బతికి వచ్చాయి. ఆమె తెలుగు అక్షరాలు నేర్వలేదు. వాళ్ల నాయన రోజూ రాత్రి లాంతరు పెట్టి లైను ఇళ్ల ముందు చదివేవాడట. ఆయన పుస్తకం మద్రాసు నుంచి 'రాజులా' ఓడలో వచ్చిందని ఆమె చెప్పారు. ఆ పుస్తకం ఇప్పుడు లేదు. ఆమె ఉన్నారు.

ఇంత తీర్పు చెప్పిన మమ్మల్ని కూడా తడబెట్టిన సంగతి ఇంకొకటి జరిగింది. 'గోన గన్నారెడ్డి' తెచ్చిన మిత్రుడు అంతసేపూ ఏమీ మాట్లాడలేదు. మధ్యాహ్నం భోజనాల తరువాత పుస్తకం చివరి అట్ట లోపలి వైపు తిప్పి చూపించాడు. సిరా వెలిసిపోయింది. తెలుగులో తొమ్మిది పేర్లు, పుట్టిన తేదీలు, నక్షత్రాలు. రెండు పేర్ల పక్కన చిన్న గీత. ఆ పిల్లలు దక్కలేదు. కింద తోట పేరు, డివిజన్ నంబరు. వాళ్ల తాత తన ఇంటి లెక్క రాసుకోవడానికి ఇంట్లో ఉన్న ఒకే ఒక తెలుగు కాగితం అది. బాగన్ దాతో తమ్ముడు తన ఫోనులో ఉన్న అదే నవల ఫోటోలలో చివరి పేజీకి పోయాడు. అక్కడ ఏదో లైబ్రరీ ముద్ర ఉంది.

"చూశావా!" అన్నారు మాస్టారు. గెలిచినట్టు అనలేదు.

తమ్ముడు ఫోను ఎత్తి ఆ అట్టను రెండు ఫోటోలు తీసి, ఆ మిత్రునికి పంపి, "అన్నా, లారీ వచ్చినా ఇది ఉంటుంది" అన్నాడు. మిత్రుడు తల ఊపాడు. అయినా పుస్తకాన్ని గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకున్నప్పుడు, ఆ ఫోటో ఉన్నందువల్ల అతని చేతి జాగ్రత్త ఏమీ తగ్గలేదు.

చీకటి పడేలోగా కొన్ని ఒప్పుకున్నాం. ఎవరింట్లో తెలుగు పుస్తకం ఉన్నా ముందు అట్టలూ ఖాళీ పేజీలూ ఫోటో తీయాలి. ఆ తరువాతే లోపలి పేజీలు. 'గోన గన్నారెడ్డి'ని టైపు చేసే పనిలో మాస్టారు పేజీ చదివితే కాలేజీ పిల్లలు ఇద్దరు టైపు చేస్తారు. వాళ్లకు అక్షరాలు రావు గనుక ఆ పని వల్ల వస్తాయేమో చూడాలి. కులోత్తుంగుని దుబాసి గురించి కథ రాస్తానని అక్కగారు అన్నారు. అరవంలో రాస్తారట. మేము ఏమనలేదు; ముందు రాయనివ్వండి, తెలుగు చేసుకోవడం మన పని.

అత్తగారి 'హిమబిందు' ఇప్పటికి ఆరు విడతలు రికార్డు అయింది. వెనుక ఫ్యాను చప్పుడు, మధ్యలో ఒకసారి గేటు దగ్గర రొట్టెలు అమ్మేవాని హారను ఉన్నాయి. తీసేద్దామని తమ్ముడు అంటే ఆమె వద్దన్నారు. షా ఆలంలో ఉన్న మనుమరాలు నాలుగో విడత విని ఫోను చేసి, "అవ్వా, తరువాత ఏమైంది?" అని తెలుగులోనే అడిగిందట. అత్తగారు చెప్పలేదు. వచ్చే ఆదివారం దాకా ఆగమన్నారు.